యాసిడ్ క్యాన్‌లో బూజు పట్టింది, నీళ్లు కలిపావంటున్నారు

బ్యూరెట్_బాబి
భీమవరం దగ్గర చిన్న వాటర్ ల్యాబ్‌లో రెండేళ్లుగా పనిచేస్తున్నాను. రొయ్యల చెరువుల నీళ్లు రోజుకి పది, పన్నెండు శాంపిళ్లు వస్తాయి. ఆల్కలినిటీ, అంటే నీళ్లలో క్షారం ఎంతుందో చూడడానికి 0.02 నార్మల్ (నార్మల్ అంటే గాఢత కొలత) సల్ఫ్యూరిక్ యాసిడ్ ఐదు లీటర్ల క్యాన్‌లో కలిపి పెట్టుకుంటాం. ఇప్పుడున్నది రెండు నెలల కిందట కలిపింది. అడుగున ఒక లీటరు మిగిలింది.

నిన్న ఒక రైతు గొడవకి వచ్చాడు. ఒకే చెరువు నీళ్లకి మా దగ్గర 200 వచ్చిందట, పక్క ఊళ్లో ఇంకో ల్యాబ్‌లో 180 వచ్చిందట. మా ఓనర్ గారు క్యాన్ ఎత్తి బీకరులోకి వంచారు. యాసిడ్‌తో పాటు తడిసిన దూది పీలికల్లాంటివి నాలుగైదు జారి పడ్డాయి. అంచులు తెల్లగా, మధ్యలో నాచు రంగు. "యాసిడ్‌లో బూజెలా పడుతుందిరా, నువ్వు నీళ్లు పోసి ఉంటావ్" అని అందరి ముందూ అనేశారు. నేను పోయలేదు. అసలు యాసిడ్‌లో బూజు పడుతుందా, పడదా? పడుతుందని తెలిసినవాళ్లు గట్టిగా రాస్తే ఫోన్‌లో ఆయనకి చూపిస్తాను. టెన్షన్‌తో రాత్రి అన్నం కూడా సహించలేదు.

ఊరికే_చదువుతా
ఓనర్ గారికి మా పోస్టులు చూపించి ఉద్యోగం కాపాడుకుంటావా? ధైర్యవంతుడివే.

బ్యాటరీ_శీను
పదిహేనేళ్లుగా బ్యాటరీ షాపు నాది. యాసిడ్ డ్రమ్ములు ఎండకీ వానకీ బయటే ఉంటాయి. ఒక్కసారి బూజు చూసిన పాపాన పోలేదు. లుంగీ మీద చుక్క పడితే సాయంత్రానికి చిల్లు. అందులో బూజు బతుకుతుందంటే నేను నమ్మను. ఏమీ అనుకోకు తమ్ముడూ, ఎవరో నీళ్లు కలిపారు.

సూక్ష్మజీవి_టీచర్
శీను గారూ, మీ డ్రమ్ములోదీ బాబి క్యాన్‌లోదీ పేరుకే ఒకటి. బ్యాటరీ యాసిడ్ లీటరులో నాలుగు వందల గ్రాముల పైన సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటుంది. 0.02 నార్మల్ అంటే లీటరుకి ఒక గ్రాము కూడా ఉండదు. దాని పీహెచ్ 1.8 దగ్గర, ఆ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. నిమ్మరసం 2, 2.5 మధ్య ఉంటుంది కదా, దానికన్నా ఒక మెట్టు పులుపు, అంతే. ఆ పులుపులో బూజు పెరగడం వింతేమీ కాదు. నేను కాలేజీలో పాఠాలు చెప్పిన రోజుల్లో ఆక్సాలిక్, టార్టారిక్ ద్రావణాలు సెలవులకి ముందు కలిపి పెడితే తిరిగొచ్చేసరికి అడుగున మబ్బులా కనిపించేది.

బాబీ, పడుతుంది అని నేను గట్టిగానే రాస్తున్నాను, చూపించుకో. కానీ బూజు పట్టినంత మాత్రాన నువ్వు నీళ్లు పోయలేదని రుజువైనట్టు కాదు. రెండూ వేరు సంగతులు. ముందు మూడు విషయాలు చెప్పు. ఆ క్యాన్‌లోకి యాసిడ్, డిస్టిల్డ్ వాటర్ కాకుండా ఇంకేం వెళ్తుంది? మూత రోజూ బిగిస్తారా? ఆ యాసిడ్ గాఢతని సోడియం కార్బొనేట్‌తో సరిచూసి ఎన్నాళ్లయింది?

పెనుగొండ_పద్మ
మాగాయలో బూజు పడితే మా అత్తగారు "పులుపు చాల్లేదు" అంటారు. పులుపులోనే బూజు పెరుగుతుందంటే ఇన్నాళ్లూ నేను పడ్డ మాటలకి ఎవరు జవాబు చెబుతారు?

సూక్ష్మజీవి_టీచర్
పద్మ గారూ, పచ్చడిని కాపాడేది పులుపొక్కటే కాదు, ఉప్పు, పైన తేలే నూనె కూడా. బూజుకి గాలి కావాలి. నూనె ఒక వేలు మందాన పైన నిలిస్తే దానికి ఊపిరాడదు. ముక్క నూనె పైకి తేలిందంటే అక్కడే మొదలవుతుంది. అత్తగారితో ఈ మాట మీరే చెప్పండి, నా పేరు వద్దు.

రొయ్యలరాజు_ఉండి
ఇంత చర్చ ఎందుకండీ. గుప్పెడు బ్లీచింగ్ పౌడర్ ఆ క్యాన్‌లో వేసి ఊపితే బూజు, దాని తాత కూడా చస్తాయి. మేం చెరువులో వేసేది అదే కదా.

యానాం_వెంకట్
రాజు గారూ వద్దు!! బాబీ, ఆ పని చస్తే చేయకు. బ్లీచింగ్‌కి యాసిడ్ తగిలితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. చిన్న గదిలో ఊపిరి అందక పడిపోతారు. మా ఊళ్లో ఒకావిడ బాత్రూమ్‌లో టాయిలెట్ యాసిడ్ మీద బ్లీచింగ్ జల్లి ఆసుపత్రిలో చేరింది. ఆ యాసిడ్‌లో కొంచెం కొంచెంగా సోడా వేసి, పొంగు ఆగాక బోలెడన్ని నీళ్లతో పారబోయండి. క్యాన్ కూడా మార్చేయండి.

రొయ్యలరాజు_ఉండి
ఆయ్, తెలీక అన్నాను. బాబీ, నా మాట వినకు.

మడ్డి_మాస్టారు
పంచదార ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు కెమిస్టుగా చేసి రిటైరయ్యాను. బాబీ, మీ ఓనర్‌కి ఫోన్ ఎందుకు, కిరాణా కొట్టులో నిమ్మ ఉప్పు పొట్లం కొని చూపించు. అది బూజు తయారుచేసిన యాసిడ్డే. పేరులోనే నిమ్మ, ఇప్పుడు దాన్ని నిమ్మకాయల నుంచి తీయరు.

ఒకప్పుడు నిజంగానే నిమ్మకాయల నుంచి తీసేవారు. ఆ వ్యాపారమంతా ఇటలీ చేతిలో ఉండేది. 1917లో జేమ్స్ కరీ అనే అమెరికా శాస్త్రవేత్త ఆస్పర్‌జిల్లస్ నైగర్ అనే బూజుని పంచదార నీళ్లలో పెంచి సిట్రిక్ ఆమ్లం, అంటే ఈ నిమ్మ ఉప్పే, తీసి చూపించాడు. మీకు తెలియని బూజేమీ కాదు. ఉల్లిపాయ పైపొర కింద మసి పూసినట్టు నల్లగా ఉంటుందే, ఆ జాతే. పీహెచ్ 2.5, 3.5 మధ్య కూడా అది హాయిగా పెరుగుతుందని ఆయన గమనించాడు. 1919లో ఫైజర్ కంపెనీ ఆ పద్ధతిలో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద ఏటా ఇరవై లక్షల టన్నుల పైన తయారవుతోంది. కూల్‌డ్రింకుల్లో, జామ్‌లో, బట్టల సబ్బులో, మందు బిళ్లల్లో ఉండేది అదే.

మా మడ్డి సంగతి ఇక్కడే వస్తుంది. చెరకు రసం నుంచి పంచదార తీసేయగా మిగిలిన నల్లటి మడ్డి చవకైన తిండి, కానీ అందులో ఇనుము, మాంగనీసు ఎక్కువ. ఈ బూజుకి కడుపు నిండా ఖనిజాలు పెడితే ఒళ్లు పెంచుకుంటుంది గానీ యాసిడ్ చేయదు. మాంగనీసు లీటరుకి మిల్లీగ్రాములో వందో వంతున్నా దిగుబడి పడిపోతుంది. అందుకని మడ్డిలో పొటాషియం ఫెర్రోసయనైడ్ వేసి ఆ లోహాలను విరిచేస్తారు. ఇంకో చిత్రం, అదే బూజు పీహెచ్ 5 మీద ఉంటే గ్లూకోనిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు చేస్తూ కూర్చుంటుంది. 2 దగ్గరికి దిగాకే బుద్ధిగా సిట్రిక్ చేస్తుంది. నూరు కిలోల పంచదార పెడితే ఎనభై కిలోల దాకా తిరిగిస్తుంది. మా ఇంట్లో ఎవరూ నాకు అంత లెక్కగా తిరిగివ్వలేదు.

పెనుగొండ_పద్మ
పులిహోరలో నిమ్మకాయ లేనప్పుడు నేను వేసేది బూజా??

మడ్డి_మాస్టారు
బూజు కాదమ్మా, బూజు వదిలిన పులుపు. బూజుని వడగట్టేస్తారు. మిగిలిన నీళ్లలో సున్నం వేస్తే కాల్షియం సిట్రేట్‌గా అడుగుకి దిగుతుంది. దాని మీద సల్ఫ్యూరిక్ యాసిడ్ పోస్తే జిప్సం విడిపోయి సిట్రిక్ మిగులుతుంది. తర్వాత స్ఫటికాలు కట్టిస్తారు. పులిహోర నిశ్చింతగా చేసుకోండి.

ఊరికే_చదువుతా
సున్నం, సల్ఫ్యూరిక్ యాసిడ్, జిప్సం. ఆవిడకి ధైర్యం చెబుతున్నారా, భయపెడుతున్నారా మాస్టారూ?

బ్యాటరీ_శీను
సరే, పల్చటి యాసిడ్‌లో పడుతుందని ఒప్పుకుంటాను. కానీ ఎంత వరకు? దానికీ ఒక హద్దుంటుంది కదా. నా డ్రమ్ములో పడదుగా?

సూక్ష్మజీవి_టీచర్
మీ డ్రమ్ములో పడదు, నిద్రపోండి. కానీ మీరనుకున్నంత దూరంలో లేదు ఆ హద్దు. 1943లో అమెరికాలో స్టార్కీ, వాక్స్‌మన్ అనే ఇద్దరు ఆమ్లం కలిపిన మైలుతుత్తం (రాగి లవణం) ద్రావణంలో పెరుగుతున్న రెండు శిలీంధ్రాల (బూజు జాతుల) గురించి రాశారు. వాటిలో ఒకటి ఆకాంటియం వెలాటం. అవి 2.5 నార్మల్ సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో కూడా పెరిగాయి. బాబి క్యాన్ కన్నా నూట పాతిక రెట్లు ఘాటు, మీ బ్యాటరీ యాసిడ్‌లో సుమారు నాలుగో వంతు. ఆ వాక్స్‌మన్ గారే తర్వాత స్ట్రెప్టోమైసిన్‌కి 1952లో నోబెల్ బహుమతి అందుకున్నారు. హోర్టియా ఆసిడోఫిలా అని ఇంకొకటి ఉంది, లిగ్నైట్ బొగ్గు నుంచి తీసిన పీహెచ్ 0.6 ద్రావణంలో దొరికింది. స్పెయిన్‌లో రియో టింటో అనే నది ఇనుము కరిగి ఎర్రగా, పీహెచ్ 2 చిల్లరలో పారుతుంది. అందులోనూ రకరకాల శిలీంధ్రాలున్నాయి.

ఎలా బతుకుతాయంటే, వాటి లోపల పులుపు ఉండదు. బయట పీహెచ్ 2 ఉన్నా కణం లోపల 7 చుట్టుపక్కలే. మన నాటు పడవలో ఎంత తారు పూసినా సన్నటి చెమ్మ లోపలికి ఊరుతూనే ఉంటుంది కదా, ఒకడు డబ్బాతో తోడి పారబోస్తూ కూర్చుంటాడు. అలా ఆ కణం పొరలో పంపులు లోపలికొచ్చిన ప్రోటాన్లను (పులుపునిచ్చే కణాలను) ఒక్కొక్కటీ బయటికి తోస్తూనే ఉంటాయి. ఆగితే పడవ మునిగినట్టే. తోడేవాడికి పూటకింత అన్నం పెట్టాలి. అందుకే అడిగాను బాబీ, ఆ క్యాన్‌లో దానికి తిండి ఎక్కణ్ణుంచి వస్తోందని. సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో తిండేమీ లేదు. నువ్వింకా జవాబు చెప్పలేదు.

అంబాజీపేట_కొబ్బరి
మైలుతుత్తంలో బూజు పెరుగుతుందని చదివి గుండె ఆగినంత పనైంది. మేం కొబ్బరికి మొవ్వుకుళ్లు వస్తే పోసేది బోర్డో మిశ్రమమే. మైలుతుత్తం బూజుని చంపుతుందనే కదా పోస్తున్నాం?

యానాం_వెంకట్
పోయండి, ఏం ఫర్వాలేదు. పెనిసిలియం ఓక్రోక్లోరాన్ అని ఒకటుంది. బాగా ఆమ్లంగా ఉన్నప్పుడు చిక్కటి మైలుతుత్తం నీళ్లలో కూడా పెరుగుతుంది. అదే బూజుని పీహెచ్ 7 దగ్గర పెడితే కొంచెం రాగికే చచ్చిపోతుంది. ఆమ్లంలో ప్రోటాన్లు గుంపుగా ఉండి కణం గోడ మీద రాగికి చోటు దొరకనివ్వవు, బస్సులో కర్చీఫ్ వేసి సీట్లు ఆపినట్టు. మీరు బోర్డోలో సున్నం కలుపుతారు కాబట్టి ఆ ఆమ్లం ఉండదు, ఆ కర్చీఫులూ ఉండవు.

అంబాజీపేట_కొబ్బరి
కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు. కలిపాక ఇనప కత్తి ముంచి చూస్తాం. కత్తి మీద రాగి పూత ఎర్రగా పడితే ఇంకా సున్నం వేస్తాం. ఆకులు మాడకుండా అని మా నాన్న చెప్పేవాడు.

యానాం_వెంకట్
మీ నాన్నగారు కత్తితో పీహెచ్ చూసేశారు.

బ్యూరెట్_బాబి
ఆలస్యమైంది, క్షమించండి. టీచర్ గారు చెప్పినట్టు ఇవాళ సరిచూశాను. సోడియం కార్బొనేట్ ఆరబెట్టి 1.06 గ్రాములు తూచి లీటరు చేశాను. అది 0.02 నార్మల్. పది మిల్లీలీటర్లు తీసుకుని మిథైల్ ఆరెంజ్ వేసి మా యాసిడ్‌తో రంగు మారేదాకా చూస్తే 11.1 మిల్లీలీటర్లు పట్టింది, సరైన యాసిడ్ అయితే పదే పట్టాలి. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. అంటే యాసిడ్ నిజంగానే పలచబడింది. ఓనర్ గారు చూశారు. ఏమీ అనలేదు. అనకపోవడమే భయంగా ఉంది.

బ్యాటరీ_శీను
మొదట్లోనే చెప్పానా లేదా?

మడ్డి_మాస్టారు
శీనూ, ఆగు. బాబీ, లెక్క చూద్దాం. పది మిల్లీలీటర్లకి 11.1 పట్టిందంటే యాసిడ్ 0.018 అయింది. 180 ఆల్కలినిటీ ఉన్న నీళ్లు యాభై మిల్లీలీటర్లు తీసుకుంటే సరైన యాసిడ్ 9 మిల్లీలీటర్లు పట్టాలి. నీ యాసిడ్ 10 పట్టింది. నువ్వు 20తో గుణించి 200 అని రాశావు. ఆ రైతు చెప్పింది అక్షరాలా నిజం. ముందు అతనికి ఫోన్ చేసి సరైన అంకె చెప్పండి. పాత రిపోర్టులన్నీ కూడా తిరగేయాలి.

ఇక యాసిడ్ ఎందుకు పలచబడింది? బూజు తినేసిందనుకుంటే అది కుదరదు. ఆ నాలుగు పీలికలు పదో వంతు యాసిడ్ మింగలేవు. ఏదో పోస్తున్నారు. నువ్వే పోశావని అనడం లేదు.

సూక్ష్మజీవి_టీచర్
మాస్టారు చెప్పింది సరే. తిండి పెడుతున్న చెయ్యీ, పలచన చేస్తున్న చెయ్యీ ఒకటే అయ్యుండొచ్చు. బాబీ, సాయంత్రం బ్యూరెట్‌లో మిగిలిన యాసిడ్ ఏం చేస్తారు? క్యాన్ నింపే గరాటు దేనికి దేనికి వాడతారు? మీ ల్యాబ్‌లో నువ్వు కాక ఇంకెవరున్నారు?

ఊరికే_చదువుతా
ఇది డిటెక్టివ్ సీరియల్‌లా ఉంది. రేపటి ఎపిసోడ్ దాకా ఆగలేను.

తవుడు_బాబాయ్
మధ్యలో దూరుతున్నాను. కైకలూరు వైపు చేపల చెరువులకి తవుడు వేస్తాను. ఈ మధ్య ఒక సేల్స్ కుర్రాడు ఫైటేజ్ అనే పొడి తెచ్చి, ఇదీ బూజు నుంచే తీస్తారు, తవుడులో కలిపితే చేప బరువు బాగా కడుతుంది అన్నాడు. బూజు సరుకు చెరువులో వేయమంటాడేమిటని పంపించేశాను. తప్పు చేశానా?

యానాం_వెంకట్
సగం తప్పు, సగం ఒప్పు బాబాయ్. తవుడులో భాస్వరం బాగా ఉంటుంది, కానీ సగం కన్నా ఎక్కువ ఫైటేట్ రూపంలో తాళం వేసి ఉంటుంది. ఆ తాళం తీసే ఎంజైమ్ ఫైటేజ్. 1991 నుంచి అమ్ముతున్నారు, మాస్టారు చెప్పిన నల్ల బూజు నుంచే మొదట తీశారు. ఆ ఎంజైమ్‌ని బూజు తన ఒంట్లో దాచుకోదు, బయటికి వదులుతుంది. బయట పులుపు కాబట్టి ఆ పులుపులో చెడకుండా పనిచేసేలా ఉంటుంది. పీహెచ్ 2.5 దగ్గర ఒకసారి, 5.5 దగ్గర ఇంకోసారి దాని పని ఊపందుకుంటుంది. కోడి కడుపులో సరిగ్గా ఆ పులుపు ఉంటుంది. అందుకే తణుకు, అనపర్తి వైపు కోళ్ల మేతలో ఇది మామూలే.

శీలావతి, బొచ్చె అలా కాదు. వాటికి అసలు పులుపు కడుపే లేదు, మేత తిన్నగా పేగులోకి పోతుంది. రొయ్యకీ మన కడుపులో ఉండే ఘాటు ఉండదు. అందుకని కోడికి చేసినంత మేలు వీటికి చేయదు. శీలావతి మేతలో ఫైటేజ్‌తో పాటు సిట్రిక్ ఆమ్లం కలిపితే ఫలితం బాగుందని ప్రయోగాలున్నాయి. సేల్స్ కుర్రాడు ఈసారి వస్తే, ఏ పీహెచ్‌లో పనిచేసే సరుకు అని అడగండి. చెప్పలేకపోతే టీ ఇచ్చి పంపేయండి.

తవుడు_బాబాయ్
కడుపే లేని చేపకి ఇన్నాళ్లూ కడుపు నిండా మేత పెడుతున్నానన్నమాట. బావుందయ్యా.

రొయ్యలరాజు_ఉండి
నాదొక డౌటు. ఈసారి భయంకరమైన సలహా కాదు. మా చెరువు మధ్యాహ్నానికి పీహెచ్ 8.9కి పోతోంది. ఈ యాసిడ్ చేసే బూజుని తెచ్చి చెరువులోనే వేస్తే, అదే నిమ్మ ఉప్పు చేసుకుంటూ పీహెచ్ దించదా? ఖర్చు కూడా ఉండదు.

మడ్డి_మాస్టారు
ఎకరం చెరువు, నాలుగడుగుల నీళ్లు, అంటే సుమారు 4,800 ఘనపు మీటర్లు. ఆల్కలినిటీ 180 అయితే ఆ నీళ్లలో సుమారు 860 కిలోల సున్నపురాయికి సమానమైన క్షారం ఉంది. అదంతా విరవాలంటే టన్ను పైన నిమ్మ ఉప్పు కావాలి. సగం దించాలన్నా అర టన్ను. దానికి సరిపడా పంచదార ఎవరు పోస్తారు? మీరు పోసినా, ఆ పీహెచ్‌లో ఆ బూజు సిట్రిక్ చేయదు. పైగా చెరువులో బాక్టీరియా దాని పంచదార ముందే తినేస్తుంది. మధ్యాహ్నం పీహెచ్ పెరగడానికి కారణం నాచు. దాని సంగతి చూడండి.

ఫ్యాక్టరీలో ఈ బూజుకి గిరాకీ ఎందుకంటే, ట్యాంకులో పీహెచ్ 2కి దిగాక పరాయి బాక్టీరియా చాలా మటుకు అడుగు పెట్టలేదు. ఇల్లు కట్టుకుని తనే కాపలా కాసుకుంటుంది. లాక్టిక్ ఆమ్లం సంగతే చూడండి. బాక్టీరియాతో చేస్తే తన పులుపుకి తనే చస్తుంది, అందుకని సున్నం పోస్తూ ఉండాలి. చివరికి ప్రతి టన్నుకీ దగ్గర దగ్గర టన్ను జిప్సం గుట్ట మిగులుతుంది. పులుపుకి తట్టుకునే ఈస్టులతో చేస్తే ఆ గుట్ట బాగా తగ్గుతుంది. ఫ్యాక్టరీలో పనిచేసినవాడికి గుట్ట ఎత్తించడం అంటే ఏమిటో తెలుసు.

పెనుగొండ_పద్మ
పాత ఫోన్ల నుంచి బూజుతో బంగారం తీస్తారని వీడియో చూశాను. నిజమేనా? రెండు పాత ఫోన్లున్నాయి, ఉల్లిపాయలూ ఉన్నాయి.

యానాం_వెంకట్
ఉల్లిపాయలు కూరలో వేసుకోండి. నల్ల బూజు, పెనిసిలియం చేసే సిట్రిక్, గ్లూకోనిక్ ఆమ్లాలు సర్క్యూట్ బోర్డుల పొడిలోంచి రాగి, నికెల్, అల్యూమినియం లాంటివి కరిగిస్తాయి, అది నిజం. ల్యాబుల్లో చేశారు. కానీ ఈ ఆమ్లాలకి బంగారం లొంగదు. పెద్ద గనుల్లో రాగిని కరిగించే పని ఎక్కువగా బాక్టీరియాదే. వీడియోలో సంగీతం ఎంత గట్టిగా ఉంటే నిజం అంత తక్కువ.

సూక్ష్మజీవి_టీచర్
జపాన్‌లో ఒకినావా అనే దీవుల్లో ఈ నల్ల బూజుల బంధువుతో అవమోరి అని బియ్యం సారా కాస్తారు. అక్కడా మన కోనసీమలాగే ఉక్క. మామూలు బూజుతో పులియబెడితే పాడైపోతుంది. ఇది పులుస్తూనే సిట్రిక్ ఆమ్లం వదులుతుంది కాబట్టి ఉక్కలోనూ చెడదు. అందులో వాడేది థాయ్‌లాండ్ పొడుగు బియ్యం.

రొయ్యలరాజు_ఉండి
ఈ టాపిక్ మీద ప్రాక్టికల్ క్లాసు ఎప్పుడు టీచర్ గారూ?

సూక్ష్మజీవి_టీచర్
మీరు బ్లీచింగ్ సంగతి పరీక్ష రాసి పాసయ్యాక.

బ్యూరెట్_బాబి
దొరికింది. మా ల్యాబ్‌లో నాతో పాటు మూడు నెలల కిందట చేరిన కుర్రాడు ఉన్నాడు. టీచర్ గారి మూడు ప్రశ్నలూ వాణ్ణి కూర్చోబెట్టి అడిగాను. సాయంత్రం నేను రిపోర్టులు టైప్ చేస్తుంటే బ్యూరెట్ కడిగేది వాడే. మిగిలిన యాసిడ్ క్యాన్‌లో పోసేస్తాడు. అక్కడితో ఆగలేదు, బ్యూరెట్‌లో డిస్టిల్డ్ వాటర్ పోసి గిలకొట్టి ఆ నీళ్లు కూడా అందులోనే పోస్తాడు. ఎందుకురా అంటే "యాసిడ్ వేస్ట్ చేయొద్దని ఓనర్ గారే చెప్పారు కదన్నా" అన్నాడు. నిజమే, చేరిన రోజు ఆయన చెప్పింది నాకూ గుర్తుంది.

ఇంకా ఉంది. వెనక గదిలో రైతులకి ఇవ్వడానికి బెల్లం నీళ్లలో ప్రోబయాటిక్ (చెరువుకి మేలుచేసే సూక్ష్మజీవులు) పులియబెడతాం. నీలం ప్లాస్టిక్ గరాటు ఒక్కటే. పొద్దున బెల్లం డ్రమ్ముకీ అదే, సాయంత్రం యాసిడ్ క్యాన్‌కీ అదే. గరాటు మెడ లోపల వేలు పెట్టి చూస్తే జిగురుగా తగిలింది.

సూక్ష్మజీవి_టీచర్
తోడేవాడికి అన్నం పెట్టింది ఆ గరాటే. విత్తనం కూడా ఆ డ్రమ్ము దగ్గర నుంచే వచ్చి ఉంటుంది. ఫొటో పెట్టినా ఏ జాతో చెప్పలేను, నువ్వు కూడా మూత తీసి వాసన చూడకు. ఆస్పర్‌జిల్లస్ అయితే ఉబ్బసం ఉన్నవాళ్లకి మంచిది కాదు.

మడ్డి_మాస్టారు
ఇకనుంచి లీటరుకి మించి కలపకు, సీసా మీద తేదీ రాయి, వారానికోసారి కార్బొనేట్‌తో సరిచూడు. బ్యూరెట్‌లో మిగిలింది సింక్‌లోకే. పొదుపు చేయాల్సింది అక్కడ కాదు.

బ్యాటరీ_శీను
తమ్ముడూ, నీ మీద అనుమానపడ్డందుకు ఏమీ అనుకోకు. ఎవరో నీళ్లు కలిపారు అని మాత్రం నేను చెప్పింది కరెక్టే కదా?

పెనుగొండ_పద్మ
శీను గారికి ఆ ఒక్క మార్కు ఇచ్చేయండి, లేకపోతే నిద్రపోరు. బాబీ, ఓనర్ గారు ఏమన్నారు?

బ్యూరెట్_బాబి
మొత్తం చదివించాను. నిమ్మ ఉప్పు దగ్గర ఆగి రెండుసార్లు చదివారు. రైతుకి ఆయనే ఫోన్ చేసి 180 కరెక్టని చెప్పారు, నా పేరు ఎత్తలేదు. కుర్రాణ్ణి కూడా ఏమీ అనలేదు. తర్వాత జేబులోంచి యాభై రూపాయలు తీసి ఇచ్చి, యాసిడ్‌కి వేరే గరాటు కొనుక్కురమ్మన్నారు. చిల్లర, రసీదు రెండూ తెమ్మన్నారు.